మెయిల్ మాటిమాటికీ తెగిపోతోంది: తప్పు సర్వర్‌దా, లైన్‌దా?

పలాస_జీడి: కాశీబుగ్గలో మాది జీడిపప్పు వ్యాపారం. సొంత మెయిల్ సర్వర్, డవ్‌కాట్ సాఫ్ట్‌వేర్. ఆర్డర్ల అకౌంట్ ఒకటే, మూడు సిస్టమ్స్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంటుంది. రోజూ ఎవరో ఒకరికి కనెక్షన్ పోతోంది. డబ్ల్యూ320 రకం పప్పు రేటు అడిగిన మెయిల్ సాయంత్రం కనబడితే ఏం లాభం? పార్టీ అప్పటికే వేరేచోట టిన్నులు ఎత్తించేసుంటాడు.

నాగావళి_నెట్: లైన్ తప్పే. నెట్ కంపెనీవాళ్లు ఒక్క పబ్లిక్ ఐపీ (నెట్ అడ్రస్) వెనక ఊరందర్నీ పెడతారు. కాసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని వాళ్ల నాట్ (ఆ ఒక్క ఐపీని అందరికీ పంచే ఏర్పాటు) తీసిపారేస్తుంది. తిత్లీ తుపాను వచ్చినప్పటి నుంచి మా వీధిలో ఫైబర్ కొబ్బరిచెట్టుకే వేలాడుతోంది. ఫోన్ చేస్తే రౌటర్ ఆపి వెయ్యమంటారు.

టెర్మినల్_మావ: ఏటండీ, ఎవరేం అడిగినా మీకు లైనే! ఆర్‌ఎఫ్‌సీ 5382 అనే నెట్ ప్రమాణం ప్రకారం నాట్ ఖాళీ కనెక్షన్‌ని కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలి. పైగా ఐడిల్‌లో (కొత్త మెయిల్ కోసం ఎదురుచూస్తూ) ఉన్న క్లయింట్‌కి, అంటే మెయిల్ ప్రోగ్రామ్‌కి, డవ్‌కాట్ 2 నిమిషాలకోసారి 'స్టిల్ హియర్' అని పంపుతుంది. సర్వర్ లాగ్ (అది రాసుకునే రికార్డు) పెట్టమనండి ముందు.

నాగావళి_నెట్: ఆర్‌ఎఫ్‌సీ మా కేబులాయన చదివాడంటారా?

వంశధార: మా ఆఫీసులోనూ ఇదే గోల. చూస్తున్నా.

పలాస_జీడి: లాగ్‌లో ఇదే పదేపదే ఉంది: 'మాగ్జిమమ్ నంబర్ ఆఫ్ కనెక్షన్స్ ఫ్రమ్ యూజర్+ఐపీ ఎక్సీడెడ్'.

టెర్మినల్_మావ: అదీ సంగతి. ఒక యూజర్‌కి ఒక ఐపీ నుంచి డీఫాల్ట్‌గా 10 కనెక్షన్లే. థండర్‌బర్డ్ ఒక్కోటి 5 దాకా పట్టుకుంటుంది. మూడు సిస్టమ్స్‌కి 15. డవ్‌కాట్‌లో మెయిల్_మ్యాక్స్_యూజర్ఐపీ_కనెక్షన్స్ అనే సెట్టింగ్ 30 చేసి రీలోడ్ కొట్టండి.

నాగావళి_నెట్: ఆ హద్దు కొత్తవాణ్ణి గుమ్మంలో ఆపుతుందంతే, లోపలున్నవాణ్ణి గెంటదు. లైన్ పోయినప్పుడు పాత కనెక్షన్ చచ్చిందని సర్వర్‌కి వెంటనే తెలీదు. లినక్స్ ఓ పావుగంట మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. ఈలోగా క్లయింట్లు కొత్తవి తెరుస్తాయి. చచ్చినవీ బతికినవీ కలిపి 10 దాటిపోతాయి. మూలం లైనే.

టెర్మినల్_మావ: లైన్ బంగారంలా ఉన్నా 15 అనేది 10 కంటే ఎక్కువే కదా. నెట్ కంపెనీ మీద మీ కక్ష ఆయన నెత్తిన రుద్దకండి.

నాగావళి_నెట్: మీకు సర్వర్ కాంట్రాక్టులున్నాయి కాబట్టి నంబర్ పెంచి బిల్లు వేస్తారు. అసలు ముగ్గురికి ఒకే అకౌంట్ ఏమిటి? అది అడగరేం?

పలాస_జీడి: వేరువేరుగా ఇస్తే పార్టీల్ని పట్టుకుపోతారండి. ఒకడు అలాగే వెళ్లి మా ఎదురుగానే షాపు తెరిచాడు. మీకేం తెలుసు?

వంశధార: నేను గుమస్తానే సార్. ఒకే పాస్‌వర్డ్ కాబట్టి తప్పు రేటు ఎవరు పంపినా మాట పడేది నేనే. పంపింది ఎవరో తేలదు.

టెర్మినల్_మావ: ముగ్గురికీ మూడు లాగిన్లు ఇచ్చి, ఆర్డర్ల పెట్టెని ఏసీఎల్‌తో (ఎవరు ఏ పెట్టె చూడొచ్చో చెప్పే జాబితాతో) షేర్ చెయ్యొచ్చు. ఓనర్‌కి అన్నీ కనబడతాయి, ఎవరు లాగిన్ అయ్యారో లాగ్‌లో ఉంటుంది. హద్దు కూడా యూజర్‌వారీ లెక్కే, కాబట్టి ఆ 10 గొడవా ఉండదు.

పలాస_జీడి: 30 చేశాను. పొద్దుట్నుంచి ఆ ఎర్రర్ రాలేదు. లాగిన్ల సంగతి మా ఇంటి విషయం, వదిలెయ్యండి.

నాగావళి_నెట్: 30 కూడా నిండుతుంది. రౌటర్ లాగ్ పెట్టండి.

వంశధార: మావ గారూ, ఆ ఏసీఎల్ ఎలా పెట్టాలో నాకు మెసేజ్ చెయ్యగలరా?