గిటార్ ఎనిమిదో తీగను ఈ (E) స్వరానికి దించితే వదులైపోతోంది

నాది 27 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న ఎనిమిది తీగల గిటార్. మెషుగ్గా అనే మెటల్ బ్యాండ్‌ని వింటూ పెరిగాను. 74 గేజ్ (0.074 అంగుళాల మందం) తీగను ఎఫ్ షార్ప్ స్వరం నుంచి ఈకి దించాను. గట్టిగా కొడితే స్వరం ముందు పైకి పోయి, తర్వాత జారుతోంది. గిటారే మార్చాలా?

జవాబు: వద్దు తమ్ముడూ. 46 హెర్ట్జ్ నుంచి 41కి దించితే టెన్షన్ (తీగ బిగువు) దాదాపు ఐదో వంతు పోతుంది. 84 గేజ్ వెయ్యి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి వెడల్పు చేయించాలి, ఇంటొనేషన్ (అన్ని మెట్ల మీదా స్వరం సరిగా పలకడం) మళ్లీ చూసుకోవాలి.

మరో జవాబు: గెయిన్ (యాంప్‌లో శబ్దాన్ని గరగరలాడించే మోతాదు) కూడా తగ్గించండి. మీరు దించిన ఈ (E) స్వరం, బేస్ గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ స్వరమే. నేను గిటార్‌లో 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేసి, ఆ చోటు బేస్‌కి వదిలేస్తాను.

అడిగినవాడు: అన్నా, 84 వేశాను. ట్యూనర్ రంధ్రంలో పట్టకపోతే చివర పైచుట్టు విప్పి దూర్చాను. ఒక్కో దెబ్బా విడిగా వినిపిస్తోంది!