కుక్క చింతపండు తింది, ఏమన్నా అవుతుందా?

మడికొండ నుంచి రాస్తున్నాను. మా పెరట్లో చింతచెట్టు ఈసారి విరగకాసింది. నిన్న నానమ్మ, పక్కింటి పెద్దమ్మ కూర్చుని పండు కొట్టి, గింజ తీసి చాటలో పెట్టారు. అన్నం తిని వచ్చేసరికి చాటలో రెండు గుప్పెళ్లు తగ్గింది. మా కర్రెగాడి మూతికి ఈనెలు అంటుకుని ఉన్నాయి. నాటుకుక్క, తొమ్మిది నెలలు, పన్నెండు కిలోలు. రాత్రి రెండుసార్లు కక్కాడు. పొద్దున పెరుగన్నం వాసన కూడా చూడలేదు. నానమ్మేమో "చింతపండు తింటే సస్తరా, రోజు పచ్చిపులుసు తాగుతలేమా" అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. రేపటిదాకా ఆగొచ్చా?

కాజీపేట అన్న:
నాటుకుక్కకు ఏం కాదు చెల్లె. ఉప్పునీళ్లు పట్టు, మిగిలింది కక్కేస్తది. మావాడు మామిడి టెంకలే మింగుతడు.

పాత పశువైద్యుడు:
ఉప్పునీళ్లు వద్దమ్మా, ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఆగొద్దు, ఈరోజే తీసుకెళ్లు. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకు కిడ్నీలు దెబ్బతింటాయని మాకు చాలా ఏళ్లుగా తెలుసు, ఎందుకో తెలిసేది కాదు. 2021లో అమెరికా పశువైద్యులు ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. దాని లవణం కలిపి పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్ద తిన్న కుక్కకూ అదే జబ్బు వచ్చింది. చింతపండు తిన్నవాటికీ వచ్చింది. మన చింతపండు పులుపు చాలావరకు ఆ ఆమ్లానిదే. మనుషులకు పడుతుంది, కుక్కకు పడదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించు. మొదటి రోజు మామూలుగా వచ్చినా సంబరపడకు, రెండు మూడు రోజుల్లో మళ్లీ చేయించాలి. మూత్రం ఎంత పోస్తున్నాడో గమనించు, తగ్గితే ప్రమాదం.
కాజీపేట తమ్ముడూ, టెంక పేగుకు అడ్డం పడితే కోసి తీయాల్సిందే.

ములుగు రోడ్డు అక్క:
సీతాఫలం గింజలు కూడా ఏరేయండి. పేలకు నూరి పెడతాం కదా, అంత ఘాటు. అలాగే మింగితే చాలావరకు బయటికి పోతాయి, నమిలితేనే విషం. ఇక గేటు పక్కన పచ్చ గన్నేరు ఉందా? దాని కాయ గుండెనే ఆపేస్తుంది.

అడిగిన అమ్మాయి:
మామునూరు వెటర్నరీ కాలేజీకి ఆటోలో తీసుకెళ్లాం. దారంతా నా చున్నీ మీదే కక్కాడు. సెలైన్ ఎక్కించారు. క్రియాటినిన్ 1.2, మామూలుగానే వచ్చింది, అయినా ఎల్లుండి మళ్లీ రమ్మన్నారు. ఇంటికి రాగానే గోడవారగా నిలబడి బాగానే పోశాడు. నానమ్మ తనే వెళ్లి చూసొచ్చి "పోసిండు పోసిండు" అని అరిచింది. చాట ఇప్పుడు అటక మీద ఉంది. చెట్టు కింద రాలేవాటిని ఏం చేయాలో చెప్పండి. పొద్దునకల్లా నేలంతా కాయలే.

పాత పశువైద్యుడు:
చెట్టు చుట్టూ నడుమెత్తు వల కట్టించు. కాయలు అయిపోయేదాకా పొద్దున ఊడ్చాకే వాణ్ణి విప్పు.