'చేయనివ్వడం' కూడా పనిలో పెట్టుకోవడమేనా?

ప్రశ్న: అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ (కనీస వేతనం, పనిగంటల చట్టం) 'ఎంప్లాయ్' (పనిలో పెట్టుకోవడం) అనే మాటలోకి 'సఫర్ ఆర్ పర్మిట్ టు వర్క్' అనేదాన్నీ చేర్చింది. ఆన్‌లైన్ గిగ్ కార్మికుల (పనికింత అని డబ్బు తీసుకునేవాళ్ల) దావాల మీద వ్యాసం రాస్తున్నాను. ఆ 'సఫర్'ని 'బాధపడు' అని రాస్తే అర్థం కుదరడం లేదు. ఏమనాలి?

జవాబు: అక్కడ బాధ ప్రసక్తే లేదండి. అడ్డుచెప్పకుండా ఊరుకోవడం అని పాత అర్థం. తెలుగులో దీనికి క్రియారూపమే ఉంది: రానిచ్చు, పోనిచ్చు, ఉండనిచ్చు. అలాగే 'పని చేయనిచ్చు'. 'అనుమతించు' అంటే నోటితో సరేనన్నట్టు ఉంటుంది, చూసీ ఊరుకోవడం అందులోకి రాదు. ఈ మాట రాష్ట్రాల బాలకార్మిక చట్టాల నుంచి వచ్చింది. 'వాణ్ణి నేను పెట్టుకోలేదు' అని యజమాని తప్పించుకోవడానికి వీల్లేకుండా అంత విశాలంగా రాశారు. ఆ వెడల్పు తెలుగులో తగ్గకూడదు, దయచేసి.

ఇంకో జవాబు: 'చేయనిచ్చు' బాగుంది. అయితే పని చేయనిచ్చినంత మాత్రాన ఉద్యోగి అయిపోరు. రేటు ఎవరు నిర్ణయిస్తున్నారు, ఖాతా ఎవరు మూసేయగలరు, లాభనష్టాలు ఎవరివి అని కోర్టు వాస్తవ పరిస్థితి చూస్తుంది. 2012లో చిన్న చిన్న ఆన్‌లైన్ పనులు చేసేవాళ్లు, ఆ పనులు చేయించే క్రౌడ్‌ఫ్లవర్ అనే కంపెనీ మీద వేసిన దావాలో వాదన ఇదే: మేం ఉద్యోగులం, గంటకు 7.25 డాలర్ల కనీస వేతనం మాకూ రావాలి అని. చివరికి రాజీ కుదిరింది, ఉద్యోగులా కాదా అన్నది తేలనే లేదు.

ప్రశ్న అడిగినవారు: మరి 'డిస్కవరీ'? 'ఆవిష్కరణ' అని రాశాను.

జవాబు: మార్చేయండి. కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. విచారణకు ముందే ఒకరి దగ్గరున్న ఆధారాలు ఇంకొకరికి చూపించాల్సిన దశ అది. 'ఆధారాల వెల్లడి' అంటే సరిపోతుంది. ఇలాంటి కేసుల్లో పెనుగులాటంతా అక్కడే. కార్మికులు లాగిన్ రికార్డులు, తిరస్కరించిన పనుల జాబితా అడుగుతారు. కంపెనీయేమో కార్మికుల పన్ను రిటర్నులు, వేరే సైట్ల మీద సంపాదన అడుగుతుంది, వాళ్లు స్వతంత్రంగా బతుకుతున్నారని చూపించడానికి. పేజీ తెరిచి సూచనలు చదివిన పది నిమిషాలు ఎక్కడా నమోదు కాకపోతే? గంటల లెక్క రాసి ఉంచాల్సింది యజమాని. ఆ లెక్క సరిగ్గా లేకపోతే కార్మికుడు సబబైన అంచనాతో నిరూపించుకోవచ్చని 1946లోనే మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ముందు తాను ఉద్యోగినని తేలాలి. మీ వ్యాసంలో 'అంచనా' ముందు 'సబబైన' వదిలేయకండి. లేకపోతే నోటికొచ్చిన లెక్క అని చదువుకుంటారు.