ఉగాండాకు నాలుగు వారాల సేవ: బిడ్డని పంపాలా, వద్దా?

తిరుచానూరు_నాన్న
మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. ఏదో ఏజెన్సీ వాళ్లు కాలేజీకి వచ్చి చెప్పిపోయినారు. ఉగాండాలో నాలుగు వారాలు, పొద్దున పల్లె క్లినిక్కులో పని, మధ్యాహ్నం బడిలో పిల్లలకు పాఠాలు. ఫీజు 1,85,000, విమానం టికెట్టు వేరే. బిడ్డ పోతానని ఒకటే పట్టు. రేపు జర్మనీకి పోవాలన్నా ఆ సర్టిఫికెట్ పనికొస్తుందంట. అప్పు చేసైనా పంపాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట_జంక్షన్
జర్మనీలో నర్సుగా చేరాలంటే బీ2 అనే స్థాయి దాకా జర్మన్ భాష రావాల, మన డిగ్రీని వాళ్లు గుర్తించాల. ఉగాండా కాగితం ఎవరూ అడగరు. ఆ డబ్బుతో జర్మన్ నేర్పించండి.

పుత్తూరు_సిస్టరమ్మ
వద్దన్నా. 26 ఏళ్లుగా ఏఎన్ఎంగా, అంటే పల్లె నర్సమ్మగా చేస్తా ఉండా, అందుకే చెప్తున్నా. సేవ చేసేదానికి మనమే డబ్బు కట్టడమేంది? 1999లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) సంస్థ ఉంది కదా, వాళ్లు చదువు ముగించి అనుభవం ఉన్న నర్సులనే తీసుకుంటారు, జీతం కూడా వాళ్లే ఇస్తారు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లకూ ఖర్చులకు భత్యం ఉంది. చదువుకునే పిల్ల దగ్గర లక్షలు తీసుకుని పంపేవాళ్లకు ఆ పల్లె మీద ఏం ప్రేమ ఉంటుంది?

మదనపల్లె_అయివారు
డబ్బు కట్టినంత మాత్రాన సేవ కాకుండా పోతుందా సిస్టర్? మన కొండ మీద శ్రీవారి సేవకు వచ్చేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో సొంత ఛార్జీలు పెట్టుకుని వస్తారు. వారం రోజులు క్యూలైన్లలో నిలబడి నీళ్లిస్తారు, అన్నం వడ్డిస్తారు. వాళ్లది వ్యాపారమా? నేను 2013లో మలావీకి పోయి ఒక విద్యా సంవత్సరం బడిలో పనిచేసినా. టికెట్టు డబ్బులు నావే.

చిత్తూరు_లెక్కలు
అయివారూ, శ్రీవారి సేవకు టీటీడీ ఒక్క రూపాయి ఫీజు తీసుకోదు. ఉండేదానికి చోటు, భోజనం వాళ్లే ఇస్తారు. రెండింటినీ ఒక గాటన కట్టొద్దండి.

మదనపల్లె_అయివారు
ఛార్జీలు ఎవరు పెట్టుకున్నారు? అది చెప్పండి ముందు.

చిత్తూరు_లెక్కలు
ఛార్జీ వేరు, ఫీజు వేరు. 1,85,000లో ఆ క్లినిక్కుకు పోయేదెంత, ఏజెన్సీకి మిగిలేదెంత? రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే అక్కడే తెలిసిపోతుంది.

కాణిపాకం_రోడ్డు
పోయేటట్టయితే యెల్లో ఫీవర్ టీకా మరిచిపోవద్దు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాల. చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెడతారు.

మదనపల్లె_అయివారు
ఫీజు మాట వదిలేయండి. బయటిదేశం వాళ్లు రాకపోయుంటే మనకేముండేది? ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రిని నిలబెట్టిన ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ డాక్టరు. ఇప్పటికీ చిత్తూరులో జబ్బు ముదిరితే ముందు వేలూరు సీఎంసీ ఆసుపత్రికే కదా పరిగెత్తేది? ఆ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ అమెరికా ఆమె.
నా సంగతీ చెప్తా. మలావీలో ఒకటో తరగతిలో 120 మంది పిల్లలు, చెట్టు కింద బడి. మా పక్కన రిషివ్యాలీ వాళ్లు పల్లె బడులకు తయారుచేసిన నిచ్చెన, కార్డుల పద్ధతి నాకు తెలుసు, పిల్లోళ్లు ఒక్కో కార్డు నేర్చుకుంటా మెట్టు మెట్టుగా పైకి పోతారు. ఖాళీ అట్టపెట్టెలు కత్తిరించి, అక్కడి టీచరమ్మ వాళ్ల భాషలో రాస్తే నేను బొమ్మలు గీసినా. వెనక కూర్చునే పిల్లోడు ఒకడు నాలుగు నెలలు నోరు తెరవలా. ఒకరోజు కార్డు ఎత్తుకుని వచ్చి నా మోకాలు మీద పెట్టి చదివినాడు. అది ఏ లెక్కలోకి వస్తుంది?

పుత్తూరు_సిస్టరమ్మ
మీరు సంవత్సరం ఉన్నారు. మీరు టీచరు. ఆ టీచరమ్మ పక్కనుంది. ఈ బిడ్డకు ఈ మూడింట్లో ఏముంది?
ఇప్పుడు నా సంగతి వినండి. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ తరఫున ఆరుగురు విదేశీ పిల్లలు మా సబ్‌సెంటరుకు వచ్చినారు, మూడు వారాలకు. మంచి పిల్లలే. బిడ్డల జబ్బ చుట్టూ వేసే రంగుల టేపు ఉంటుంది. కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే బిడ్డ బాగా బక్కచిక్కిపోయిందని. ఒకమ్మాయి ఆ టేపును తాడు లాగినట్టు బిగదీసింది. ఎరుపొచ్చింది. పద్నాలుగు నెలల బిడ్డ, ఏ రోగమూ లేదు. తల్లికి తెలుగులో సర్దిచెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు, నేను వేరే వీధిలో ఉండా. ఆ రాత్రి అత్త ఆమెను నీ పాలే చాలక బిడ్డను ఎండబెట్టినావని తిట్టింది. మర్నాడు నేను కొలిస్తే 12.9, పచ్చ. అయినా ఆ తల్లి మళ్లీ మా దగ్గరికి రాలా. బిడ్డకు తట్టు రాకుండా వేసే ఎంఆర్ టీకా రెండో డోసు టయానికి పడలా. ఇంటికి నేను ఐదుసార్లు తిరిగినా. విదేశీ పిల్లలు అప్పటికే విమానం ఎక్కేసినారు.

మదనపల్లె_అయివారు
ఒక్క టేపు కథ పట్టుకుని లోకమంతా తప్పంటే ఎట్లా? మీ కోపం ఆ పిల్ల మీదా, ఆమెను మీకు చెప్పకుండా పంపిన మీ పైవాళ్ల మీదా?

పుత్తూరు_సిస్టరమ్మ
ఇద్దరి మీదా! మా సెంటరుకు ఎవరొస్తారో నన్నొక్క మాట అడిగినారా? ఉగాండాలోనూ మన ఆశాల మాదిరి పల్లె ఆరోగ్య బృందాలున్నాయి. ఈ నాలుగు వారాల పిల్లలు కావాలా అని వాళ్లనెవరైనా అడిగినారా? కంబోడియాలో అనాథాశ్రమాలకు విదేశీ వాలంటీర్లు వరుసకట్టినారు. చూస్తే అక్కడి పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చెప్పింది. వచ్చేవాళ్ల కోసం పిల్లల్ని పోగేసినారు. నాకు కోపం రాదా?

మదనపల్లె_అయివారు
నాకూ ఉంది కోపం. మలావీ నుంచి మలేరియాతో తిరిగొస్తే బంధువులు నవ్వినారు. ఆ కార్డుల పని మన మండలంలో చేస్తానని మూడు బళ్లకు పోతే ఒక్క హెడ్మాస్టరూ లోపలికి రానీలా. పోయినోళ్లను ఇట్లా అవమానిస్తే రేపు ఎవరు పోతారు? తప్పు చేయకుండా ఎవరు నేర్చుకున్నారు సిస్టర్?

పుత్తూరు_సిస్టరమ్మ
ఎవరి ఒంటి మీద తప్పు చేసి నేర్చుకునేది? నేను మొదటినుంచీ అడిగేది అదే, ఫీజు కాదు. అన్నా, ఆ పిల్ల అక్కడ సూది వేస్తుందా? కాన్పు చేస్తుందా?

తిరుచానూరు_నాన్న
వాళ్ల కాగితంలో ఉంది సిస్టర్. “ఇక్కడ దొరకని అవకాశం, కాన్పులు స్వయంగా చేయవచ్చు” అని. మాకు అదే గొప్పగా కనిపించింది.

పుత్తూరు_సిస్టరమ్మ
ఇక్కడ లేబర్ రూములో సిస్టర్ పక్కన లేకుండా చెయ్యి పెట్టనిస్తారా? మరి అక్కడి తల్లి మన తల్లి కాదా?
అయివారు ఐడా స్కడర్ పేరెత్తినారు కాబట్టి చెప్తా. ఆమె డాక్టరు కాకముందు ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి కాన్పు కష్టమైంది రమ్మన్నారు. వాళ్ల నాయన డాక్టరే, అయినా మగవాడు వద్దన్నారు. తనకు ఆ విద్య రాదని ఆమె పోలేదు. తెల్లారేసరికి ఆ ముగ్గురి భార్యలూ చనిపోయినారు. ఆమె అమెరికా పోయి వైద్యం చదువుకుని 1900లో వచ్చింది. 1918లో ఆడవాళ్లకు వైద్య కళాశాల పెట్టింది. 1960లో కన్నుమూసిందాకా ఈ గడ్డ మీదే ఉంది.

మదనపల్లె_అయివారు
రోగి మీద చెయ్యి వేయడం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా. చదువు ముగిసేదాకా వేయకూడదు. పోవడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను.

తిరుచానూరు_నాన్న
రాత్రి బిడ్డ ఇదంతా చదివింది. నాతో సరిగా మాట్లాడలేదు. ఏజెన్సీకి తనే రాసింది, భాష రాకపోతే ఎట్లా, పక్కన ఎవరుంటారు అని. “భాష అవసరం లేదు, అన్నీ అక్కడ నేర్పిస్తాం” అని జవాబిచ్చినారు. ఫీజు గడువు ఇంకా పది రోజులుంది. సిస్టర్, ఆ టేపు సరిగ్గా ఎట్లా వేయాలో చూడాలంటోంది.

పుత్తూరు_సిస్టరమ్మ
బుధవారం టీకాల రోజు. పుత్తూరులో దిగి ఫోన్ చేయమను, నంబరు విడిగా పంపిస్తా. కాలేజీలో మాట చెప్పి రమ్మను. ఎనిమిదిన్నరకల్లా ఉండాల. మొదటిరోజు చూడటమే, చెయ్యి వేసేది లేదు.

మదనపల్లె_అయివారు
బుధవారం పోయిరానీ, మంచిదే. గడువులోపల ఆ ఫీజు లెక్క కూడా తెప్పించుకోండి. చదువు ముగిసినాక పోతానంటే నన్ను అడగమనండి, మలావీ బడి వాళ్ల చిరునామా నా దగ్గరుంది.