‘యెస్ ఇట్ ఈజ్’: ఎరుపు చూస్తే నీలం అవడం తెలుగులో ఎలా?

ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ పాట ‘యెస్ ఇట్ ఈజ్’ మన గ్రూపులో ఎంతమంది విన్నారో చెప్పండి. దాన్ని తెలుగులోకి ఎలా తేవాలా అని ఆలోచిస్తున్నాను. 1965 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో వచ్చిన ‘టికెట్ టు రైడ్’ రికార్డుకి రెండో వైపున ఉన్న పాట ఇది. అప్పట్లో అక్కడి ఆల్బమ్ దేనిలోనూ చేర్చలేదు కాబట్టి, బీటిల్స్ అంటే ప్రాణం పెట్టేవాళ్లలో కూడా చాలామందికి పేరు చెప్పగానే తట్టదు. రాసిన జాన్ లెనన్‌కే దీనిమీద గౌరవం లేదు, 1963 నాటి తమ పాట ‘దిస్ బాయ్’ని మళ్లీ రాయబోతే కుదరలేదని తర్వాత ఒక ఇంటర్వ్యూలో తేల్చేశాడు. ఆ మాట నేను ఒప్పుకోను. బృందంలోని లెనన్, మెకార్ట్నీ, హారిసన్ మూడు గొంతులూ విడదీయలేనంతగా కలిసిపోతాయి, వెనక హారిసన్ గిటార్ పెడల్ నొక్కుతూ వదులుతూ ఉంటే ఒక్కో స్వరం మూలుగులా లేచి అణిగిపోతుంది.

విషయం చిన్నది. ఈ రాత్రి ఎర్ర బట్టలు వేసుకోవద్దని పాటలోని అబ్బాయి ఇప్పుడు తనతో ఉన్న అమ్మాయిని బతిమాలుతున్నాడు, ఎందుకంటే పాత ప్రియురాలు వేసుకున్న రంగు అది. ఆ ఎరుపు నన్ను ‘బ్లూ’ చేస్తుంది అంటాడు. ఇంగ్లీషులో బ్లూ అంటే దిగులు కూడా కాబట్టి అక్కడ శ్లేష పండింది. మనకు నీలం అంటే ఆకాశం, కృష్ణుడు, నీలాల కళ్లు, దిగులు మాత్రం కాదు. అందుకని తెలుగులో ఆ శ్లేషని వదిలేయాలని నా అభిప్రాయం. పాట బరువంతా దాని తర్వాత వచ్చే పల్లవి మాటలో ఉంది: నువ్వున్నా సరే ఇది నిజం, అవును, నిజమే. పక్కనున్న మనిషి మొహం మీదే అంటున్న మాట ఇది, అతనికి కూడా అనక తప్పడం లేదు.

ఇక్కడ తెలుగుకి ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషు ‘యెస్’ తనంతట తాను క్రియ కాదు, ‘ఇట్ ఈజ్’ పక్కన తగిలించాలి. మన ‘అవును’ ‘అగు’ నుంచి వచ్చింది, అగును, అవును, ఔను. ఒక్క మాటలోనే రెండూ ఉన్నాయి, మూడు గొంతుల్లో సాగదీసి పాడటానికి ఆ ‘ఔ’ ఎంత అనువుగా ఉంటుందో ఒకసారి పాడి చూడండి.

గ్రూపులో ఒకరి జవాబు: శ్లేషని అంత తేలిగ్గా వదిలేస్తే ఎలాగండీ? మనకూ రంగుల నుడికారం ఉంది కదా. ‘ఎరుపు చూస్తే నా మొహం నల్లబడుతుంది’ అంటే సరిపోదా? ఇంకో సందేహం, ఎరుపు మనకు పెళ్లి రంగు, కుంకుమ రంగు. వద్దనడం వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉండదా?

నా జవాబు: ‘నల్లబడుతుంది’ మంచి ఆలోచనే అండీ, వాక్యం కూడా సహజంగా ఉంది. కానీ మొహం నల్లబడేది ఎవరైనా అవమానించినప్పుడు, ఆశపడ్డది చేజారినప్పుడు. పోనీ ‘తెల్లబోతుంది’ అందామన్నా, తెల్లబోవడంలో ఉన్నది నివ్వెరపాటు. ఇతనిది ఆ రెండూ కాదు, పాత దిగులు మళ్లీ తోడుకుంటోంది. ఇక కుంకుమ సంగతి, పాటలో కూడా ఎరుపు చెడ్డ రంగేం కాదు, పాత ప్రియురాలు వేసుకుంది కాబట్టే అతనికి బాధ. మనకి శుభమైన రంగు అవడం వల్ల ఆ ‘వద్దు’ ఇంకా గట్టిగా తగులుతుంది కూడా.

గ్రూపులో మరొకరి జవాబు: మధ్యలో లెనన్ గొంతు ఒక్కటే పైకి లేచే చోట ‘ప్రైడ్’ అంటాడు కదా మాస్టారూ, దానికేం వేస్తారు? గర్వమా?

నా జవాబు: గర్వం వేస్తే అతను దుర్మార్గుడిలా కనిపిస్తాడు. ఆమెను మర్చిపోగలిగితే నీతో సుఖంగా ఉండేవాణ్ణే, కానీ నా ‘అభిమానం’ అడ్డొస్తోంది అనిపిస్తాను. తెలుగులో ఆ మాటకి ఆత్మగౌరవమనీ ప్రేమ అనీ రెండర్థాలూ ఉన్నాయి, అతన్ని పట్టి ఆపుతున్నది ఏదో అతనికే తెలియడం లేదు కాబట్టి రెండూ అక్కడ ఉండాల్సిందే. వెంటనే వచ్చే ‘యెస్ ఇట్ ఈజ్’ని మాత్రం ‘అవును’ అనను, ‘అదే, అదే’ అంటాను. అక్కడ అతను నిజం ఒప్పుకోవడం లేదు, అడ్డేమిటో వేలు పెట్టి చూపిస్తున్నాడు.