అప్‌డేట్: ఇంజిన్ మార్చిన పాత స్టేషన్ వ్యాగన్‌లో బ్రేకు పెడల్ సమస్య తీరింది

పెద్ద ఇంజిన్ ఎక్కించి, ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, క్యాలిపర్లు (డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు) బిగించాక పెడల్ దాదాపు అడుగుకు దిగిపోతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాల వైపు తోసే పంపు) చిన్నదై ఉంటుందన్న మాటే నిజమైంది. మెకానిక్ కొలిస్తే పాతదాని లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లు. కొత్త క్యాలిపర్ల పెద్ద పిస్టన్లకు అది తోసే ద్రవం చాలడం లేదు. 22 మిల్లీమీటర్లది వేశాక, పెడల్ అంతే దూరం కదిలినా మూడో వంతు ఎక్కువ ద్రవం వెళుతోంది. పైనే పట్టు దొరుకుతోంది. కాస్త బలంగా తొక్కాలి, అది తప్పదు.

బ్రేకు లైన్లలో గాలి, బూస్టర్ (ఇంజిన్ పీల్పుతో, అంటే వాక్యూమ్‌తో, మన తొక్కుడు బలాన్ని పెంచేది), కొత్త ఇంజిన్ వాక్యూమ్... వీటికి సంబంధమే లేదు. వాక్యూమ్ తగ్గితే పెడల్ రాయిలా బిగుస్తుంది గానీ కిందికి జారదు. వెనుక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో షూలను (డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే భాగాలు) సర్దడం వల్ల మాత్రం కొంత మేలు కనిపించింది.