కిటికీలు కడిగే వ్యానులో గ్యాస్ వాటర్ హీటర్

ప్రశ్న:
బర్మింగ్‌హామ్‌లో కిటికీలు శుభ్రం చేస్తుంటాను. చలికాలంలో చన్నీళ్లకు పక్షుల రెట్టలు త్వరగా వదలడం లేదు కనుక, వ్యానులోని 400 లీటర్ల ట్యాంకుకు గ్యాస్ హీటర్ బిగించాలనుకుంటున్నాను. ఆరుబయట వాడే హీటరునే లోపల పెట్టవచ్చునా అండీ?

జవాబు 1:
దయచేసి అలా చేయకండి. అది వ్యానులోని గాలినే పీల్చుకొని పొగను అక్కడే వదులుతుంది. ఆ పొగలో ఉండగల కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు కాబట్టి, ప్రమాదం తెలిసేలోపే మనిషి స్పృహ తప్పవచ్చు. గాలిని బయటినుంచి తీసుకొని పొగను బయటికే పంపే రకాన్ని, ఎల్‌పీజీ పనికి అర్హతగల గ్యాస్ సేఫ్ (బ్రిటన్‌లో గ్యాస్ పనివారి అధికారిక నమోదు జాబితా) ఇంజినీరుతోనే పెట్టించండి.

జవాబు 2:
బ్యూటేన్ గడ్డకట్టే చలిలో సరిగా ఆవిరి కాదు, ప్రొపేన్ వాడండి. అది గాలికన్నా బరువు. లీకైతే కిందనే పేరుకుంటుంది. అలా లీకైన గ్యాస్ బయటికి పోవడానికి నా సిలిండరు పెట్టె అడుగున ఉన్న రంధ్రం ఒకసారి తడి ఆకులతో పూర్తిగా మూసుకుపోయింది. అప్పటినుంచి ప్రతి సోమవారం పుల్లతో పొడిచి చూసుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. ఇంజినీరు వచ్చి చూసేవరకు ఏదీ కొనను.